పొద్దుటి డజను

“ఏడు. నడుము వంచండి. మోకాళ్లు మడవకూడదు.”

కింది గదిలో గ్రామఫోను బాకాలోంచి ఆ మగగొంతు గరగరలాడుతూ మెట్లెక్కి వచ్చింది. ఈనిడ్ దుప్పటి తన్నేసి లేచింది. ఆరు దాటి మూడు నిమిషాలు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో డ్యూటీ దిగి వచ్చి ఆమె పడుకున్నది మూడింటికి.

ఇంగ్లాండులో, హల్ నగరంలోని ఆ ఇంట్లో అద్దెకు దిగి నాలుగు నెలలైంది. ఆదివారాలతో సహా రోజూ ఇదే గోల. పన్నెండు కసరత్తులు, పన్నెండు ఆజ్ఞలు. యుద్ధానికి ముందు ఊరంతా ‘డైలీ డజన్’ అంటూ పొద్దున్నే చేతులూ కాళ్లూ ఆడించిన రోజులు పోయాయి. ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. ఇంటావిడ మిసెస్ ఆక్రాయిడ్ కూడా చెయ్యదు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ వింటుంది. ఈనిడ్‌కి ఒళ్లు మండేది అందుకే.

నైటీ మీద కోటు తగిలించుకుని కిందికి దిగింది.

“మీరు కసరత్తు చేస్తే సరే అనుకుందును. ఊరికే కూర్చుని వినడానికి నా నిద్ర పాడుచెయ్యడం దేనికండీ?”

“నాకు మోకాళ్ల నొప్పులు,” అంది మిసెస్ ఆక్రాయిడ్ కప్పు దించకుండానే.

“పోనీ పదింటికి పెట్టుకోండి.”

“పొద్దుటి కసరత్తు పదింటికేంటమ్మాయ్? ఆరంటే ఆరే.”

“అయితే ఆ బాకాలో ఓ మేజోడన్నా కుక్కండి. చప్పుడు తగ్గుతుంది.”

ఆవిడ కప్పు ఠక్కున బల్లమీద పెట్టింది. “నా ఇంట్లో, నోట్లో గుడ్డలు కుక్కమని నాకే చెప్తున్నావా? ఇష్టం లేకపోతే వేరే గది చూసుకో.”

బాంబులకు సగం ఊరు నేలమట్టమైంది. వేరే గది ఎక్కడుందో ఆవిడే చెప్పాలి. బ్రిడ్లింగ్టన్‌లో ఉన్న మేనకోడలిని తెచ్చిపెట్టుకోవాలని ఆవిడ ఆలోచన అని ఈనిడ్ విన్నది. పొమ్మనలేక పెడుతున్న పొగే ఇదంతా.

మెట్ల మీద లమ్లీ ఎదురయ్యాడు. ట్రాం కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, పక్క గదిలో ఉంటాడు.

“కాస్త ఓర్చుకోమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “ఒక్కగానొక్క కొడుకు ఓడతో పాటు మునిగిపోయాడు. సమాధి కూడా లేదు. అప్పట్నుంచీ ఆవిడ అంతే, ఎవరితోనూ కలవదు.”

“మా అన్నయ్యా యుద్ధంలోనే పోయాడండీ. మా అమ్మ ఎవరి నిద్రా చెడగొట్టడం లేదు,” అని ఈనిడ్ దభీమని తలుపేసుకుంది.

ఆ గురువారం, భార్యకు నొప్పులొస్తున్నాయని ఒకాయన డాక్టరు కోసం చేసిన కాల్‌ని నిద్రమత్తులో చేపల గోదాముకి కలిపింది. ఆ నెలలో అది మూడో తప్పు. సూపర్‌వైజరు ఆమె తలమీంచి హెడ్‌ఫోను తనే తీసింది. “రేపట్నుంచి రానక్కర్లేదు,” అంది.

మర్నాడు సరిగ్గా ఆరింటికి మళ్లీ మొదలైంది.

“నాలుగు. గడ్డం పైకి. నిద్రమొహాలు నవ్వాలి.”

ఈనిడ్ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గదిలో మిసెస్ ఆక్రాయిడ్ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఈనిడ్ నేరుగా ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడింది.

“నవ్వండి, బాగా నవ్వండి. నా ఉద్యోగం పోయింది. మీ మేనకోడలికి గది కావాలంటే సూటిగా చెప్పి ఏడవొచ్చుగా. ఈ మిలటరీ వెధవని నా మీదికి ఉసిగొల్పడం దేనికి?”

మిసెస్ ఆక్రాయిడ్ ముఖం తెల్లబోయింది. “ఏమన్నావ్?”

“వెధవ అన్నాను.”

అంటూనే తిరుగుతున్న రికార్డుని లాగేసింది. ముల్లు కీచుమంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, నిప్పుగూటి రాతి అంచు మీద శక్తికొద్దీ కొట్టింది. నల్లటి ముక్కలు తివాచీ నిండా చెదిరాయి.

ఆవిడ అరుస్తుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందనుకుంది. తనూ దానికి సిద్ధంగానే ఉంది. మిసెస్ ఆక్రాయిడ్ మాత్రం కుర్చీ పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీద కూలబడి, ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకోసాగింది.

అది చూసి ఈనిడ్ ఇంకా రెచ్చిపోయింది. “అంత నటన అక్కర్లేదు. ఇంకోటి కొనిస్తాను.”

“దొరకదు.”

“పాత సామాన్ల కొట్లలో ఇలాంటివి గుట్టలున్నాయి.”

“దొరకదమ్మాయ్. ఇది ఒక్కటే చేశారు.”

“పొద్దున్నే ఊళ్లోవాళ్ల మీద కేకలెయ్యడానికి ఒక్క రికార్డు చేయించుకున్నాడా? అసలెవడండీ వాడు?”

మిసెస్ ఆక్రాయిడ్ రెండు ముక్కలు దగ్గరగా పెట్టి చూసింది. అవి కలవలేదు.

“మా అబ్బాయి.”