బటన్లన్నీ ఒక్క దిక్కే

“గిది కొనకుండ్రి. వచ్చే మిషన్ల క్యాసెట్ ఉండదంట, సీడీ ఏస్తరంట. బటన్లన్నీ ఒక్క దిక్కే పెడ్తరంట.”

రైసుమిల్లు జవహర్ మాట విని, బేరానికొచ్చిన దంపతులు వీడియో గేమ్ డబ్బాను బల్లమీదే వదిలి వెళ్లిపోయారు.

షాపు నడిపే సువర్ణకు ఒళ్లు మండింది.

“రోజూ గీడ నిలబడి నా గిరాకీ చెడగొడ్తున్నవ్. రాని మిషన్ లోపల ఏముంటదో నీకెట్ల తెల్సు? ఉన్నదాన్ని ఒక్కనాడన్న ఆడినవా?”

రిమోట్ తీసి అతని ఛాతీకి గుద్దినట్టు ఆనించింది. “పట్టు. ఆడి సూపియ్.”

జవహర్ ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచేయి ఎప్పటిలాగే జేబులో ఉంది.

“జేబుల పెట్టుకుంటే ఎట్ల ఆడ్తవ్? రెండు చేతులతోని పట్టు.”

అతను చేయి బయటికి తీశాడు. దానికి వేళ్లు లేవు.

“పోయినేడు మిల్లు బెల్టుల పడ్డదక్కా. కొత్తదాంట్లనన్న ఒంటిచేత్తో ఆడేతట్టు పెడ్తరేమోనని...”

సువర్ణ స్టూలును విసురుగా అతని పక్కకు లాక్కుని కూర్చుంది. ముఖంలో కోపం అలాగే ఉంది.

“బొమ్మను ఉరికిచ్చుడు నువ్వు నొక్కు. దుంకిచ్చుడు నేను నొక్కుత. ఇగ వచ్చే మిషన్ ముచ్చట ఎత్తినవంటే ఊకోను.”