సంతకం లేని రీడింగ్

“మళ్ళీ వచ్చారా?” అంది ఇంజనీరమ్మ, తల ఎత్తకుండానే.

వరద అంచనాల ఆఫీసులో ఆ రోజు ఊపిరాడనంత పని. నది ఎంతవరకు లేస్తుందో ఆమె సాయంత్రంలోగా లెక్క తేల్చి ఊరికి చెప్పాలి.

పెద్దాయన రావడం వరసగా ఇది మూడో మధ్యాహ్నం. కూర్చోమంటే కూర్చోడు. ఒకటే మాట.

“ఏడు మీటర్ల తొంభై సెంటీమీటర్లు. రాసుకున్నారా? వినబడుతోందా?”

గదిలో ఉన్నది ఇద్దరే అయినా, అవతలి గట్టువాళ్ళకి చెబుతున్నట్టు అరిచేవాడు. పాపం, చెముడు కాబోలు అనుకుంది. అయినా ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరించేది.

“అది నలభై ఏళ్ళ కిందటి నీటిమట్టం రీడింగ్ బాబాయిగారూ. పక్కన సంతకం లేదు. సంతకం లేని అంకె లెక్కలోకి రాదు. రూలు.”

“తర్వాత పెడదామనుకున్నాడమ్మా.”

“ఎవరు?”

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద, ఊరి పటంలో నీళ్ళు ఎంతవరకు రావచ్చో చూపే నీలం పట్టీని చూశాడు.

“ఇంత సన్నగా గీశారేం?”

“నీళ్ళు అయిదున్నరకీ ఆరు మీటర్లకీ మధ్య ఆగుతాయి. పట్టీ ఎంత సన్నగా ఉంటే మా లెక్క అంత గట్టిదని.”

“ఆ అంకె వేసి చూడండి.”

వదిలించుకుందామని వేసింది. పట్టీ ఒక్కసారిగా ఉబ్బి, ఎనిమిది మీటర్ల దాకా పాకి, దిగువ వీధిని మింగేసింది. ఆ వీధిలోనే అక్క ఉంది, పురిటిబిడ్డతో.

ఆమె ఆ లెక్కను కాగితం మీద అచ్చు తీసింది. ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదికి పరుగెత్తింది.

“అయిదున్నరా, ఎనిమిదా?” పెద్దసారు పగలబడి నవ్వాడు. “ఈ చొక్కా మీకైనా సరిపోతుంది, మీ తాతకైనా సరిపోతుంది అన్నాడట దర్జీ! జనం నవ్విపోతారమ్మా. సంతకం ఉందా?”

“లేదు సార్.”

“మరింకేం, తీసెయ్.”

తీసేసింది. ఆరు మీటర్లు దాటదని ఊరికి చెప్పేసింది. అక్కకు ఫోను చేద్దామని తీసి, మళ్ళీ పెట్టేసింది. తన లెక్కను తనే నమ్మకపోతే ఎలా?

పెద్దాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“తెలీనిది తెలీదని కూడా చెప్పాలమ్మా. చెరిపేస్తే నీళ్ళు ఆగవు” అన్నాడు. ఈసారి అరవలేదు. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

“నాకు పనుంది, వెళ్ళండి!” అని కసిరింది.

వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నది ఏడు మీటర్ల ఎనభై దాటింది. దిగువ వీధిలో కిటికీలు కూడా మునిగాయి.

అక్క ఫోను మోగి మోగి ఆగిపోతుంటే ఇంజనీరమ్మ మళ్ళీ మళ్ళీ చేసింది. పదకొండింటికి అక్క ఎత్తింది.

“అందరం గుట్ట మీది బడిలో ఉన్నామే. తెల్లారగట్ల ఎవరో పెద్దాయన తలుపులన్నీ బాదాడు. ‘ఏడు తొంభై, వినబడుతోందా’ అని ఒకటే అరుపు! పిచ్చాడేమో అనుకున్నాం. మీ ఆఫీసు మనిషినే అన్నాడని కదిలాం.”

“ఆయనేడీ?”

“వెనకే వస్తున్నాడనుకున్నాం. తిరిగి చూస్తే లేడు.”

ఆమెకు ఏడుపొచ్చింది. మూడు రోజులొస్తే పేరైనా అడగలేదు. మా ఆఫీసు మనిషా? అయితే ఆయన పేరు ఆ రీడింగ్ రాసిన పాత పుస్తకంలోనే ఉండాలి. కంప్యూటర్ వచ్చాక ఎవరూ తెరవని ఆ పుస్తకాన్ని రికార్డు గదిలోంచి తీయించింది.

ఏడు తొంభై. కొలత చూసినవాడి సంతకం గడి ఖాళీ.

దాని కింద అప్పటి అధికారి చేతిరాత: “నది దగ్గర కొలత చూసే మనిషి ఈ అంకె ఫోనులో చెబుతుండగా నేను రాసుకున్నాను, ‘వినబడుతోందా’ అని అడుగుతుండగానే గట్టు తెగి అతను కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు.”