చేతిలోని పట్టీ

కొట్టినవాణ్ని తిరిగి కొట్టకపోవడం ఓర్పా, పిరికితనమా? ముప్పై ఏళ్లుగా రజాక్‌ను వదలని సందేహం అది. ఇనుప రాడ్డు భుజం మీద పడిన క్షణంలో కూడా అదే గుర్తుకొచ్చింది.

కొట్టినవాడు అప్పుడూ ఇప్పుడూ ఒక్కడే. పెబ్బేరు బడిలో, తొమ్మిదో తరగతిలో అందరూ చూస్తుండగా తన చెంప పగలగొట్టిన జగన్. ఆ రోజు రజాక్ చెయ్యెత్తలేదు. దెబ్బ తిన్నవాడి సంగతి అల్లా చూసుకుంటాడని వాళ్ల అబ్బా చెప్పిన మాట తలుచుకుని ఇంటికొచ్చేశాడు. నిజంగా ఆ నమ్మకమే ఆపిందో, ఆ మాట చాటున తన భయమే దాక్కుందో, నమాజు చేసి లేచినప్పుడల్లా తనను తాను అడుగుతూనే ఉన్నాడు.

"నా ఎద్దు కాలు ఇరిగిందిరా!" జగన్ అరిచాడు. "మీ ఇమానం నెత్తి మీదికెల్లి పోతే బెదిరి కాలువల పడ్డది. సంతల దానికి జోడే లేకుండె. ఇయ్యాల కోతకు తోలిన!"

"తప్పే జగన్. జర ఐదు నిమిషాలు ఆగు. పైన ఆడపిల్ల ఉంది. ఒక్కతే విమానం నడుపుతుంది."

పొలాల మధ్య విమానాలు నడపడం నేర్పే బడి అది. గాల్లో ఉన్నవాళ్లకు టవర్ గదిలోంచి దారి చెప్పేది రజాక్. ఎదురుగా కొత్త తెర, దాని కింద పాత బోర్డు. విమానానికో కాగితం పట్టీ. దాని మీద విమానం నంబరు, నడిపేవాళ్ల పేరు, ఎత్తు పెన్నుతో రాస్తే, రాసింది రాసినట్టు తెర మీదికెక్కుతుంది. తెర ఉండగా కాగితమెందుకని కుర్రవాళ్లు నవ్వేవారు. "కరెంటు పోయిననాడు చెప్త," అనేవాడు రజాక్.

ఇప్పుడు బోర్డు మీద రెండే పట్టీలు. ఒకటి పాఠం చెప్పే డేవిడ్‌ది. రెండోది, మొదటిసారి ఒంటరిగా ఎగిరిన శిష్యురాలిది.

ఇందాక, గేటు దగ్గరి కాపలాదారును తోసేసి మెట్లెక్కుతున్న జగన్ గొంతు వినగానే రజాక్ స్పీకర్ ఆపేసి, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకున్నాడు. తరవాత తెర మీద వేలు పెట్టి పేర్ల వరుస మూసేశాడు. తలుపు గొళ్లెం వెయ్యడానికి మాత్రం సమయం చాలలేదు.

రాడ్డు రెండోసారి లేచింది. తెర భళ్లున పగిలింది. గాజుపెంకులు రజాక్ మొహానికి తగిలి నెత్తురు కారింది.

"సార్, ఏంది చప్పుడు?" హెడ్‌ఫోన్‌లో పిల్ల అడిగింది.

"ఏం లేదమ్మా. కిటికీ కొట్టుకుంటుంది. నువ్వు ముక్కు దించు." ఆ అబద్ధానికి మన్నించమని అల్లాకు మనసులోనే తౌబా చెప్పుకున్నాడు.

"అమ్మా అంట, అమ్మా!" జగన్ నవ్వాడు. "నీ బిడ్డ అల్ఫియానారా?"

రజాక్ కిటికీ అద్దంలోంచి విమానం వైపే చూశాడు.

"నోరు పడిపోయిందా? ఆడపిల్లను మొగులు మీదికి తోలినవు! మా బిడ్డ నిరోషను జూడు. గద్వాలల హాస్టల్ల ఉండి బీఈడీ సదువుతుంది, తలకాయ దించుకోని. అది గిట్ల ఎగిరితే గా మైకులనే పిల్చి దించి కాళ్లు ఇరగ్గొడుదు."

"పిల్ల దిగినంక నన్ను సంపు. జర ఆగు."

"నా ఎద్దు ఆగిందా?"

ఈసారి దెబ్బ ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రజాక్‌కే వినిపించింది. బోర్డు పడిపోయింది, పట్టీలు నేల మీద చెదిరాయి. రజాక్ మోకాళ్ల మీద కూలబడి, గాజుపెంకుల మధ్య వెతికి, పిల్ల పట్టీని కుడిచేత పట్టుకున్నాడు. బొటనవేలు దాని మీద గట్టిగా అదిమాడు.

"ఇయ్యి గా కాగితం!" జగన్ ఆ చెయ్యిని చెప్పుకాలితో తొక్కాడు. వేళ్లు చిట్లాయి. పట్టీ మాత్రం రాలేదు.

రజాక్ బల్ల పట్టుకుని లేచి అద్దంలోంచి చూశాడు. డేవిడ్‌ను కృష్ణా నది మీదే తిరుగుతుండమన్నాడు. పిల్ల విమానం మరీ ఎత్తులో వస్తోంది. "దించకు తల్లీ. పైకి లేపు. ఇంకో చుట్టు తిరిగి రా. పరేషాన్ కాకు, నేనున్న."

"నీ బిడ్డతోని నేను మాట్లాడ్త. నీ ఇమానమెంత నీ బతుకెంతని అడుగుత!" జగన్ మైకు మీదికి దూకాడు.

రజాక్ మైకు మీద బోర్లా పడ్డాడు. వీపు మీద ఒకటి, రెండు, మూడు. మైకుకు కొట్టుకుని నోట్లో పన్ను ఊడింది. నెత్తురు మింగి, మైకుకు పెదవులు ఆనించి మెల్లగా చెబుతూనే ఉన్నాడు. "బాగొస్తున్నవ్. గట్లనే. ఇంక జర. పవర్ వదిలెయ్ తల్లీ."

చక్రాలు నేలను తాకాయి. విమానం ఒకసారి ఎగిరిపడింది, మళ్లీ తాకింది, ఊగింది, ఆగింది.

రజాక్ హెడ్‌ఫోన్ తీశాడు. పట్టీ జేబులో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నిటారుగా నిలబడి, చిట్లిన ఆ కుడిచేత్తోనే జగన్ చెంప మీద ఒక్కటిచ్చాడు. తన చెయ్యే మంటెత్తింది.

"తొమ్మిదో తరగతిది," అన్నాడు. "బాకీ తీరింది." అది ఓర్పు ముగియడమో, భయం ముగియడమో అతనికి తెలియలేదు. అల్లాకు తెలిసే ఉంటుంది.

జగన్ చెంప పట్టుకున్నాడు. "నీ బిడ్డ దిగినంక ధైర్నమొచ్చిందారా?"

"అల్ఫియా అచ్చంపేటల ఉంది. దవాఖానల డ్యూటీ."

లేచిన రాడ్డు గాల్లోనే ఆగింది. "మరి దిగిందెవరు?"

మెట్ల మీద ఎవరో పరుగున ఎక్కి వస్తున్నారు.

తలుపు తోసుకొని వచ్చింది నిరోష.