మూగబోయిన ఇల్లు

చిన్నమ్మాయి తండ్రి భుజం తట్టి, ఫోను తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"నాన్నా, టీ తాగుతావా?" అని ఉంది తెరమీద.

ఉన్నది రెండడుగుల దూరంలో. ఈ ఒక్క ముక్క అడగడానికి దానికి ఫోను కావలసి వచ్చింది. తాగుతానన్నట్టు తలాడించి, ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆయన అచ్చాఫీసులో మెషిన్‌మన్. ఇరవై ఏడేళ్లుగా పెద్ద యంత్రం పక్కన నిలబడి వారపత్రికలు అచ్చువేస్తున్నాడు. ఒకప్పుడు కొత్త సంచిక సంచిలో వేసుకొచ్చేవాడు. ముందు నాకంటే ముందు నాకని కూతుళ్లిద్దరూ జుట్లు పట్టుకునేవారు. భార్య సీరియల్ పైకి చదువుతుంటే, స్నానాలగదిలోంచే ఈయన "చూస్తూ ఉండు, వచ్చే వారం ఆ పిల్ల పుట్టింటికి పోతుంది" అని జోస్యం చెప్పేవాడు. ఇల్లంతా గోల.

ఇప్పుడు ముగ్గురి చేతుల్లో మూడు ఫోన్లు. ఆయన తెచ్చిన పత్రిక బల్లమీద మడత విప్పకుండా పడి ఉంటుంది. టీవీ పెట్టినా కింద అక్షరాలు పడాల్సిందే. పుస్తకం చదవడం మానేసినవాళ్లు సినిమాను చదవడమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

బయటివాళ్లూ అలాగే తయారయ్యారు. మొన్న పార్సిల్ కోసం పొద్దుటినుంచీ ముందుగదిలోనే కాపలా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఫోనులో ఓ సందేశం: 'వచ్చాం, ఎవరూ తలుపు తీయలేదు.' బెల్లు కొట్టే ఓపిక కూడా లేదు కాబోలు వెధవలకి!

మర్నాడు అచ్చాఫీసులో ఈ సంగతే ఎత్తాడు. యంత్రం హోరులో అక్కడ ఎవరైనా గొంతు చించుకునే మాట్లాడాలి. అయినా ఆయనకు అక్కడే ప్రాణం తెరిపిన పడుతుంది.

"అన్నా, మీ ఇంట్లో మాట్లాడుకుంటారా?" అని అరిచాడు.

"ఎక్కడ తమ్ముడూ!" యంత్రం అవతల నుంచి మీసాలాయన కూడా అరిచాడు. ఆయన ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. "మా కోడలు మంచినీళ్లు కావాలా అని కూడా చేత్తోనే సైగ చేస్తుంది."

"మా ఇల్లూ అంతే."

"మన సెక్షన్‌లో ఎవర్నైనా అడుగు. అందరి ఇళ్లూ అంతే. కాలం అలా తగలడింది."

పదిమందికీ ఉన్న కష్టమేనని కాస్త కుదుటపడి ఇల్లు చేరాడు. ఆ నిబ్బరం ఎంతోసేపు నిలవలేదు. భోజనాల బల్లమీద ఉన్న భార్య ఫోను వెలిగింది. తీయలేదు గానీ, కన్ను పడింది. 'ముగ్గురం' అని ఓ గ్రూపు. అందులో పెద్దమ్మాయి రాసిన మాట: 'అమ్మా, నాన్నకి ఇంకా ఎన్నాళ్లు చెప్పకుండా ఉంటాం?'

ముగ్గురూ కలిసి ఏం దాస్తున్నారు? పెద్దది ఎవర్నైనా ఇష్టపడిందా? చిన్నది పరీక్ష తప్పిందా? భార్య ఈ మధ్య ఆస్పత్రికి రెండుసార్లు ఎందుకు వెళ్లొచ్చింది? అడుగుదామంటే నోరు రాలేదు. ఏది నిజమైనా వినే ధైర్యం తనకు లేదనిపించింది.

శనివారం చిన్నదాని దగ్గర్నుంచి సందేశం వచ్చింది. అది పక్కగదిలోనే ఉంది.

'నాన్నా, ఓ చిన్న పరికరం కొనాలి. నువ్వూ మాతో రావాలి.'

'ఉన్న పరికరాలు చాలవా? నేను రాను' అని తనూ రాసి పడేశాడు.

ఆ తర్వాత కాసేపటికి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈయన పత్రిక అడ్డం పెట్టుకున్నాడు. దించి చూసేసరికి ఆమె లేదు.

ఇక లాభం లేదనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కంచాలు పెట్టగానే ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మధ్యన పెట్టాడు.

"అందరి ఫోన్లూ ఇందులో పడెయ్యండి. నాది కూడా. ఈ పూట మనుషుల్లా మాట్లాడుకుంటూ తిందాం. దాచిందేమైనా ఉంటే అదీ చెప్పండి. నేను కోప్పడను."

ముగ్గురూ ఫోన్లు డబ్బాలో వేశారు. మూత పెట్టి తన కుర్చీలో కూర్చున్నాడు. మొహంలోకి చూస్తే వాళ్లకు చెప్పడం కష్టమవుతుందని తల వంచుకునే తినసాగాడు.

అన్నంలో కూర కలిపాడు. నెమ్మదిగా నమిలాడు. ఎవరో ఒకరు మొదలుపెడతారని చూశాడు. పెరుగు దాకా వచ్చాడు. ఒక్క పలుకు లేదు. గడియారంలో ముల్లు పావుగంట నడిచింది.

ఫోన్లు తీసేసినా ఇంతేనా? అంటే వీళ్లకు తనతో చెప్పుకునే మాటే మిగల్లేదా?

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఒక్క మాట," అన్నాడు. "రోజంతా మీకోసమే ఆ యంత్రం దగ్గర చాకిరీ చేసి వస్తాను. ఇంటికొచ్చేది మీ మాటలకోసం. అది కూడా ఎక్కువైపోయిందా? నేనేం తప్పు చేశాను?"

తలెత్తాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లనిండా నీళ్లు. పెద్దమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంది. చిన్నమ్మాయి లేచి డబ్బా మూత తీసి, తన ఫోను వెతికి తీసుకుంది.

"మళ్లీ అదేనా?" అన్నాడాయన.

అది ఏదో రాసి, తెర ఆయన వైపు తిప్పింది.

'నాన్నా, ఇందాకటినుంచీ మేం మాట్లాడుతూనే ఉన్నాం.'