తగ్గని వాపు

“వాపు మళ్లీ పెరిగిందేంటి మామ్మగారూ? ఈ నెల కూడా తగ్గకపోతే ఆపరేషనే అన్నారు డాక్టరుగారు,” అంది ఫిజియోథెరపిస్టు హరిత, మోకాలు నొక్కి చూస్తూ.

క్లినిక్‌లో మంచం మీదున్న సుందరమ్మ కంగారు పడింది. “కొలకలూరు నుంచి బస్సెక్కి వస్తన్నా. నువ్వు చెప్పినయ్యన్నీ చేస్తన్నానే తల్లీ!”

“నేను చెప్పనివేం చేస్తున్నారు?”

“ఏముందీ... తెల్లారగట్ల గంటసేపు మోకాళ్లూని ప్రార్థన.”

“గంటసేపా! దేనికండీ?”

“మోకాళ్ల నొప్పులు తగ్గాలనే.”

హరిత నవ్వు ఆపుకుంది. సుందరమ్మకు ఉక్రోషం వచ్చింది. “కుర్చీలో కూర్చుని అడిగితే ప్రభువు వింటాడా?”

“జ్వరంతో పడుకున్న మనవరాలు పిలిస్తే, లేచొచ్చి అడగమంటారా?”

సుందరమ్మ మెల్లగా వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపింది.

తన కాలు ఎత్తబోయిన హరిత చెయ్యి, ప్రార్థన అయ్యేదాకా అలాగే ఆగి ఉండటం సుందరమ్మకు తెలుస్తూనే ఉంది.