నారింజ మందు, నూరేళ్ళ పెట్టె

“కొంప ముంచావు కదే!” అంటూ పాత సామాన్ల షాపాయన నెత్తిన చేతులు పెట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు.

షాపు మధ్యలో కుర్చీ తెల్లగా మెరిసిపోతోంది. నిన్నటిదాకా అది నూరేళ్ళ కుర్చీ. నల్లరంగు పూతమీద పూత వేసి, పొగపెట్టి, మసి రుద్ది, అక్కడక్కడా గొలుసుతో బాది, ఆ నూరేళ్ళూ ఆయన తన చేత్తోనే తెచ్చాడు. ఆ పనిలో ఆయనది అందెవేసిన చెయ్యి. పోయిన నెల ఆయన దగ్గర పాత పెట్టెలు చేయించుకున్న ఒక పెద్దావిడ కూడా “ఇవి నాకన్నా ముసలివిలా ఉన్నాయే!” అని మురిసిపోయింది. వ్యాపార రహస్యం కదా అని ఇదంతా పెళ్ళానికి కూడా చెప్పలేదు. అదే ఇప్పుడు కొంప ముంచింది.

“మురికి ఓడుతోంది కదా అని శుభ్రం చేశానండీ,” అంది భార్య సంబరంగా. “పెయింట్ల కొట్లో కొత్తగా వచ్చింది, నారింజ తొక్కల నూనెతో చేసిన మందు. పూసి, ప్లాస్టిక్ కవరు కప్పి, గంటాగి గీకితే రంగంతా మీగడలా ఊడొచ్చింది. కళ్ళు మండలేదు, చేతులు కాలలేదు. ఆ వాసన చూడండి, ఎంత కమ్మగా ఉందో!”

ఆయన వాసన చూసే స్థితిలో లేడు. బయట కారు ఆగింది. లాయరమ్మ దిగింది. నిన్న ఆ కుర్చీ మీద మనసుపడి, పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తానన్న మనిషి. కోర్టులో అవతలివాళ్ళని నంజుకు తింటుందని పేరు.

“నా కుర్చీ ఏదండీ?”

“ఇదేనమ్మా.”

“ఇదా? ఇది కొత్తది కదూ!”

ఆయన నాలుక అలవాటుకొద్దీ దానంతటదే కదిలింది. “ఎంతమాటమ్మా! పాత కలప గొప్పతనమే అది. నారింజ మందు పట్టించాం. దాంతో మీదున్న వయసంతా ఊడిపోతుంది. ఎంత పాతదైతే అంత కొత్తగా బయటపడుతుంది.”

“వయసు ఊడిపోతుందా? అయితే ముందు మా ఆయనకి పూయాలి,” అని నవ్వింది లాయరమ్మ. అంతలోనే నవ్వు ఆపేసింది. “రుజువు కావాలి. కార్లో మా అత్తగారిచ్చిన పెట్టె ఉంది. ఆవిడ నాయనమ్మ నాటిది. తాళం బిగుసుకుంటే బాగు చేయించడానికి తెచ్చాను. నా కళ్ళెదుట దాని అడుగున జానెడు మేర పూయండి. కొత్తగా వచ్చిందా, కుర్చీ పట్టుకెళ్తాను. రాలేదా, మోసం కేసు పెట్టి షాపు మూయిస్తాను.”

పెట్టె లోపలికి వచ్చింది. నల్లగా, నునుపుదేలి, అంచులు అరిగి ఉంది. ఒక్క చూపుకే ఆయన తేల్చేసుకున్నాడు. ఇన్నేళ్ళ అనుభవం, ఆ మాత్రం తెలీదా? ఇది అసలు సిసలు పాతది. మందు పూస్తే రంగు పోతుంది కానీ వయసెక్కడికి పోతుంది!

“ఇంత పాతదాన్ని పాడు చేసుకోవడం ఎందుకమ్మా?”

“ఎంత పాతదైతే అంత కొత్తగా వస్తుందన్నారుగా ఇప్పుడే?”

భార్య కొంగు బిగించి, హుషారుగా మందు పూసి, కవరు కప్పింది. లాయరమ్మ ఆ కుర్చీలోనే కాలుమీద కాలేసుకుని కూర్చుంది. షాపాయన కిందపడబోయే తన బోర్డునీ, నవ్వబోయే పక్క కొట్లవాళ్ళనీ తలుచుకుని చెమటలు కక్కాడు. గంట గడిచింది. భార్య రేకు పట్టీ అందించింది. ఆయన కళ్ళు మూసుకుని గీకాడు.

“అబ్బ!” అంది లాయరమ్మ. “నిజమేనండీ! నిన్న కోసిన చెక్కలా ఉంది. అనవసరంగా అనుమానించాను, ఏమీ అనుకోకండి.”

షాపాయన కళ్ళు తెరిచాడు. తెల్లటి చెక్క. దాని మీద ఎర్ర పెన్సిలుతో గీసిన అంకె, తన వడ్రంగి చేతిరాత. మూడు. పెద్దావిడ ఒకేలా చేయించుకున్న మూడు పెట్టెల్లో ఆఖరుది. ఆయన ఆ అంకెని గబుక్కున బొటనవేలితో చెరిపేశాడు. తన పనితనానికి తనే మోసపోయాడు.

“మీ అత్తగారు... ఇది మీకెప్పుడిచ్చారమ్మా?”

“పోయిన నెలే,” అంది లాయరమ్మ, కళ్ళు చెమర్చి. “పెద్ద కోడలుంది, రెండో కోడలుంది. అయినా వంశం మొత్తానికున్న ఒకే ఒక్క పెట్టె చిన్నదాన్నని నాకే ఇచ్చింది మహాతల్లి. తోడికోడళ్ళ దగ్గర నోరెత్తనని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది!”