కరెంటు గది ముందు

"నీళ్లు తాగినావేటి?"

బల్ల మీద కూర్చున్న యమున ముందుకి ఒక ముసలామె చెంబు తోసింది.

మూత్రసంచి నిండుగా లేకపోతే రేడియేషన్ మిషను ఎక్కనివ్వరు. రేడియేషన్ అంటే ఆ కేన్సరు ఆసుపత్రిలో జనం నోట్లో కరెంటు.

"తాగను. ఇంటికెల్లిపోతన్నాను," అంది యమున.

గర్భసంచిలో కేన్సరు. తొలిదశే అన్నారు, సంచి తీసేశారు. మళ్లీ రాకుండా ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టాలన్నారు. పదమూడు అయ్యాయి. కడుపులో మంట, విరేచనాలు. బస్సులో నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి.

గజపతినగరం దగ్గర ఊరి నుంచి మొగుడు గంగులు ఫోను మీద ఫోను.

"సంచే తీసీసినాక ఇంకా కరెంటు దేనికే? వరి ఉభాలు ఆగిపోనాయి, నాటాల్సిన నారు ముదిరిపోతంది. బేగి వచ్చీ!"

పెళ్లాం ఒళ్లు ఆగుతుంది, నారు ఆగదు. మన మగాళ్ల లెక్క ఇదే.

యమున లేచింది. ముసలామె అడ్డంగా నిలబడింది.

"ఎల్లకు."

"నువ్వెవత్తివే నాకు సెప్పడానికి? ఆయావి, ఆయానాగ ఉండు!"

"తిట్టు. తిట్టుకుంటానే తాగు."

"నేల తుడుసుకునీదానివి, ఈ మంట నీకేటి తెలుసే?"

ఫోను మళ్లీ మోగింది. ముసలామె లాక్కుంది.

"ఒరే నాయనా, నీకు మడి కావాలా, మనిషి కావాలా?"

యమున ఒక్క తోపు తోసింది. ముసలామె గోడకు గుద్దుకుని కూలబడింది. చేతిలో చెంబు మాత్రం వదల్లేదు.

"సగం ఒలికిపోనాది. సగముంది, తాగు."

యమునకి సిగ్గేసింది. తాగింది. చెంబు మళ్లీ నింపితే అదీ తాగింది. అరగంట బిగబట్టుకుని లోపలికెళ్లింది.

ఆ తరవాత ప్రతిరోజూ అదే చెంబు. యమున తాగేది, మాట్లాడేది కాదు. తోసినందుకు క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

శని ఆదివారాల సెలవు అయ్యాక, చివరి రోజు అరటిపళ్లు పట్టుకుని వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"నీళ్లిచ్చే ఆయమ్మ ఏదండీ?" అని మిషను చూసే ప్రమోద్‌ని అడిగింది.

"అసిరమ్మా? మొన్న పోనాది."

"ఏ ఊరు పోనాది?"

ప్రమోద్ తల దించుకున్నాడు.

"సచ్చిపోనాదమ్మా. ఆయా కాదు, నీకైన ఆపరేషనే అయ్యి, కరెంటు సగంలో మానీసి, రోగం తిరగబెట్టి, ఇంక మందు లేదని తెలిసి కూడా, ఇక్కడి నుంచి ఇంకెవరూ లేసెల్లిపోకూడదని రోజూ వచ్చీది."